ఇంటి దగ్గర ప్లగ్ ఉంటేనే లాభం: ఉత్తరాంధ్రలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్త కారు కొనాలనుకునే ఇళ్లలో ఎలక్ట్రిక్ కారు మాట రాకుండా ఇప్పుడు చర్చ ముగియడం లేదు. ఆ మాట వెంటే రెండు భయాలూ వస్తాయి. దారి మధ్యలో చార్జింగ్ అయిపోతే ఏం చేయాలి? తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే కారు ఎలా కదులుతుంది? ఈ రెండింటికీ విరుగుడుగా కొందరు ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను చూపిస్తున్నారు. ఊళ్లో తిరిగేటప్పుడు కరెంటు మీద, దూరం వెళ్లేటప్పుడు పెట్రోలు మీద నడిచే కారు అది. ఇంతకన్నా నిశ్చింత ఏముంటుంది అనిపించడం సహజం. అయితే ఆ నిశ్చింత ఎవరికి దక్కుతుంది, దానికి చెల్లించే మూల్యం ఎంత అన్నది కాగితం మీద లెక్క వేసి చూస్తే తప్ప తెలియదు.

ముందుగా ఒక గందరగోళం తీరాలి. షోరూముల్లో ‘హైబ్రిడ్’ అని అమ్ముతున్న కార్లలో చాలా వాటికి ప్లగ్ ఉండదు. గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ వంటి వాటిలో వచ్చేవి స్ట్రాంగ్ హైబ్రిడ్లు. వాటి బ్యాటరీ రెండు యూనిట్ల కరెంటు కూడా పట్టనంత చిన్నది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని, ఇంజిన్ నుంచి వచ్చే మిగులు శక్తిని దాచుకుని మళ్లీ వాడుకోవడమే వాటి పని. నడిచే ప్రతి కిలోమీటరుకూ మూలం పెట్రోలే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అలా కాదు. దానిలో సాధారణంగా పది నుంచి ఇరవై యూనిట్లు పట్టే బ్యాటరీ ఉంటుంది. ఇంటి కరెంటుతో నింపుకుంటే నలభై నుంచి ఎనభై కిలోమీటర్ల వరకు ఇంజిన్ అవసరం లేకుండా నడుస్తుంది. ఆ తర్వాత మామూలు హైబ్రిడ్‌లా పెట్రోలు మీదకు మారుతుంది. చైనాలో బీవైడీ సంస్థ 2008 డిసెంబరులో ఎఫ్3డీఎం పేరుతో ఇలాంటి కారును అమ్మకానికి తెచ్చింది. అమెరికాలో షెవర్లే వోల్ట్ 2010 చివర్లో వచ్చింది. అంటే ఇది కొత్త ప్రయోగమేమీ కాదు, పదిహేనేళ్లకు పైగా రోడ్ల మీద పరీక్షకు నిలిచిన సాంకేతికత. దాని బలాలు, బలహీనతలు రెండూ ఇప్పటికే బయటపడ్డాయి.

రోజువారీ దూరాల సంగతి

ఈ ప్రాంతంలో కారు రోజూ ఎంత తిరుగుతుందో చూస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. శ్రీకాకుళం పట్టణం నుంచి ఆమదాలవలస స్టేషన్‌కు, ఎచ్చెర్లలోని విశ్వవిద్యాలయానికి, నరసన్నపేటకు వెళ్లి వచ్చే ఉద్యోగులు ఉన్నారు. విజయనగరం నుంచి నెల్లిమర్లకో, చీపురుపల్లికో, గజపతినగరానికో వెళ్లే ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బంది ఉన్నారు. పైడిభీమవరంలోని మందుల కంపెనీలకు రెండు పట్టణాల నుంచీ జనం వెళ్తారు, ఒకవైపు దూరం నలభై కిలోమీటర్లలోపే. వీరిలో ఎవరిని తీసుకున్నా రానూపోనూ ఎనభై కిలోమీటర్లు దాటడం అరుదు. చాలామందికి ముప్పై, నలభై కిలోమీటర్లతో రోజు గడిచిపోతుంది.

ఈ దూరాలకు రెండు కార్లూ సరిపోతాయి. ఇరవై నాలుగు యూనిట్ల బ్యాటరీతో వచ్చే టియాగో ఈవీ లాంటి చిన్న ఎలక్ట్రిక్ కారుకైనా, పదిహేను యూనిట్ల బ్యాటరీ ఉన్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కైనా రాత్రి ప్లగ్ పెడితే ఉదయానికి కావలసినంత చార్జి ఉంటుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను సమర్థించేవారి వాదనకు ఇదే పునాది, ఆ వాదనలో నిజం ఉంది. రోజూ ప్లగ్ పెట్టే మనిషి చేతిలో అది ఏడాదిలో ఎక్కువ భాగం ఎలక్ట్రిక్ కారే.

చిక్కంతా ‘రోజూ ప్లగ్ పెట్టే’ అన్న షరతులో ఉంది. యూరప్‌లో 2021 నుంచి రిజిస్టరైన కార్లలో ఇంధన వినియోగాన్ని నమోదు చేసే పరికరం ఉంటుంది. ఆ కార్ల నుంచి సేకరించిన వివరాలను యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో బయటపెట్టింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు ప్రయోగశాల లెక్కల కంటే సగటున మూడున్నర రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయని అందులో తేలింది. కారణం యంత్రంలో లోపం కాదు. కంపెనీలు ఊహించినంత తరచుగా జనం వాటికి ప్లగ్ పెట్టడం లేదు. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, రాత్రి పదింటికి ఇంటికి చేరిన మనిషికి వైరు తీసి తగిలించాలన్న తొందర ఉండదు. ఎలక్ట్రిక్ కారు ఆ వెసులుబాటు ఇవ్వదు. పెట్టకపోతే రేపు ఆఫీసుకు వెళ్లడం కుదరదు కాబట్టి అలవాటు దానంతటదే పడుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. బ్యాటరీలో చార్జి ఉన్నా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలా ప్లగ్-ఇన్ హైబ్రిడ్లలో ఇంజిన్ అందుకుంటుంది. చల్లగా ఉన్న ఇంజిన్ ఒక్కసారిగా భారం మోయాల్సి వస్తే మైలేజీ పడిపోతుంది, పొగ పెరుగుతుంది.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ఉత్తరాంధ్రలో కరెంటు ఇచ్చేది విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, ఏపీఈపీడీసీఎల్. ఇళ్లకు శ్లాబుల పద్ధతిలో బిల్లు వేస్తారు. 2022లో సవరించిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. సర్దుబాటు చార్జీలు, సుంకం వేరే. కారుకు పోసే కరెంటు ఎప్పుడూ పై శ్లాబులోనే పడుతుందన్న సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు.

నెలకు 180 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఒక మోస్తరు ఎలక్ట్రిక్ కారుకు, చార్జింగ్‌లో పోయే నష్టాన్ని కలుపుకుని, దాదాపు 160 యూనిట్లు కావాలి. అంటే యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లకు కొంచెం తక్కువ. మొత్తం 340 యూనిట్లు అవుతుంది. కొత్తగా చేరిన 160లో మొదటి 45 యూనిట్లకు 6 రూపాయల చొప్పున 270, మిగిలిన 115 యూనిట్లకు 8.75 చొప్పున సుమారు 1,006. కలిపితే బిల్లు మీద 1,276 రూపాయలు పెరుగుతాయి, సర్దుబాటు చార్జీలతో ఇంకొంత. అదే వెయ్యి కిలోమీటర్లు లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారు మీద తిరిగితే దాదాపు 67 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన 7,300 దాటుతుంది. నెలకు ఆరు వేల తేడా ఒక జీతగాడి ఇంట్లో చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు ఏడాది లెక్క. పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగే కుటుంబం అందులో పది వేలు చుట్టుపక్కల, రెండు వేలు దూరప్రయాణాలు చేస్తుందనుకుందాం. ఇంటి కరెంటు యూనిట్ 8 రూపాయలు, బయటి ఫాస్ట్ చార్జింగ్ యూనిట్ 22 రూపాయలు అనుకుంటే ఎలక్ట్రిక్ కారుకు మొత్తం దాదాపు ఇరవై వేలు అవుతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు రోజూ ప్లగ్ పెడితే, దూరప్రయాణాల్లో లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తే, ఇరవై ఆరు వేల దాకా వస్తుంది. అదే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు ఏడాదంతా ప్లగ్ పెట్టకుండా పెట్రోలు మీదే నడిపితే బరువైన బ్యాటరీని మోసుకుంటూ లీటరుకు 17 ఇచ్చినా డెబ్బై ఏడు వేలు దాటుతుంది. మామూలు పెట్రోలు కారుకయ్యే ఎనభై ఎనిమిది వేలతో పోలిస్తే మిగిలేది అంతంతమాత్రమే.

ఈ అంకెల్లో ఎలక్ట్రిక్ కారుకూ, క్రమం తప్పకుండా ప్లగ్ పెట్టిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కూ మధ్య తేడా ఏడాదికి ఆరు వేలే. ప్లగ్ పెట్టిన హైబ్రిడ్‌కూ, పెట్టని హైబ్రిడ్‌కూ మధ్య తేడా యాభై వేలకు పైన. ఏ కారు అన్నదాని కన్నా ఇంటి దగ్గర ప్లగ్ ఉందా, దాన్ని వాడతారా అన్నదే ఖర్చును నిర్ణయిస్తోంది. ఇంటి మీద సౌర పలకలు ఉంటే ఈ లెక్క మరింత తేలికపడుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. మూడు కిలోవాట్ల పలకలు ఎండ బాగున్న రోజున దాదాపు పన్నెండు యూనిట్లు ఇస్తాయి, కారు రోజువారీ అవసరానికి అందులో సగం చాలు.

గోడలోని ప్లగ్ మాత్రమే చాలదు

ఇక్కడ కొంచెం ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. కార్ల గురించి మాట్లాడేవారు దాన్ని పట్టించుకోరు, కరెంటు పనివాళ్లకు మాత్రం బాగా తెలుసు.

కారుతో వచ్చే మామూలు చార్జర్‌ను ఏసీ, గీజర్ పెట్టుకునే పదిహేను ఆంపియర్ల ప్లగ్‌లో పెడితే గంటకు మూడు యూనిట్లకు పైగా లాగుతుంది. ఆ లాగడం పది నిమిషాల్లో ఆగిపోదు, గంటల తరబడి సాగుతుంది. పాత ఇళ్లలో ప్లగ్ వెనక సన్నని తీగ ఉంటే అది వేడెక్కుతుంది, ప్లగ్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది. మీటరు నుంచి కారు నిలిపే చోటికి నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను విడిగా లాగించి, దానికి వేరే ఎంసీబీ, లీకేజీ వస్తే తెగే రక్షణ పరికరం పెట్టించడం మంచిది. ఒకటి రెండు కిలోవాట్లకే మంజూరైన కనెక్షన్ ఉంటే కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోవాలి. పెంచుకోకుండా వాడితే జరిమానా సంగతి అటుంచి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి చుట్టుపక్కల ఇళ్లకూ ఇబ్బంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్తింగ్. ఎలక్ట్రిక్ కారైనా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అయినా చార్జింగ్ మొదలుపెట్టే ముందు ఎర్త్ సరిగా ఉందో లేదో పరీక్షించుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు వెలిగించి ఊరుకుంటుంది. కారు చెడిపోయిందనుకుని కంగారుపడిన ఇళ్లలో చాలాసార్లు తప్పు పెరట్లో ఉంటుంది: బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తింగ్ గుంత ఏళ్ల తరబడి నీళ్లు చూడక ఎండిపోయి ఉంటుంది. ఇసుక నేలలున్న తీర గ్రామాల్లో వేసవి వస్తే ఈ ఇబ్బంది ఎక్కువ. కొత్తగా ఎర్త్ వేయించడానికి కారు ధరతో పోలిస్తే అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. షోరూముకు వెళ్లే ముందే ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిచి ఇవన్నీ చూపించుకుంటే తర్వాతి చికాకులు సగానికి సగం తగ్గుతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో సాయంత్రం వోల్టేజీ బాగా పడిపోతే చార్జింగ్ నెమ్మదించవచ్చు, ఆగిపోవచ్చు కూడా. అర్ధరాత్రి తర్వాత మొదలయ్యేలా సమయం పెట్టుకునే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది, దాన్ని వాడుకోవాలి.

మరి సొంత పార్కింగ్ లేనివారి సంగతి? విజయనగరంలో కోట చుట్టూ, గంటస్తంభం పక్క సందుల్లో, శ్రీకాకుళం పాత వీధుల్లో కారు ఇంటి ముందు రోడ్డు మీదే ఉంటుంది. మూడో అంతస్తులో అద్దెకుంటూ కింద చెట్టు నీడన కారు పెట్టుకునేవారూ ఉన్నారు. ఎలక్ట్రిక్ కారు కుదరదు కాబట్టి వీరు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకోవచ్చని చెప్పే సలహా తలకిందుల సలహా. ప్లగ్ లేనివారికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అన్నిటికన్నా చెడ్డ బేరం. ఎక్కువ ధర పెట్టి, వాడుకోలేని బ్యాటరీని కొని, దాని బరువుకు అదనంగా పెట్రోలు పోయాలి. వారికి ప్లగ్ అవసరం లేని స్ట్రాంగ్ హైబ్రిడ్‌ గానీ, మంచి మైలేజీ ఇచ్చే చిన్న పెట్రోలు కారు గానీ మేలు. అపార్టుమెంటులో ఉండి కింద సొంత పార్కింగ్ ఉన్నవారు మాత్రం తమ మీటరు నుంచి తీగ లాక్కోవడానికి సంఘం అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

జాతీయ రహదారి, అరకు ఘాట్

దూరప్రయాణం గురించి భయం కొంత న్యాయమైనదే, కొంత పాతది. పదహారో నంబరు జాతీయ రహదారి ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, శ్రీకాకుళం, రణస్థలం, భోగాపురం మీదుగా విశాఖ వైపు సాగుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు. ఆస్పత్రి పనో, పెళ్లి బట్టలో, విమానమో, ఈ ప్రాంతపు కుటుంబాలు ఎక్కువగా చేసే ‘దూర’ ప్రయాణం ఇదే. నలభై అయిదు యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీ వంటి కారు హైవే వేగంలో యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు ఇచ్చినా 270 కిలోమీటర్లు వెళ్తుంది. విశాఖ వెళ్లి, ఊళ్లో తిరిగి, శ్రీకాకుళానికి తిరిగొచ్చినా దారిలో చార్జింగ్ అక్కర్లేదు. చిన్న బ్యాటరీ కారుకు విశాఖలో ఒకసారి పెట్టుకోవాల్సి వస్తుంది.

భువనేశ్వర్, హైదరాబాద్ ప్రయాణాలు వేరు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ ఏడు వందల కిలోమీటర్లకు పైనే. ఎలక్ట్రిక్ కారులో దారిలో రెండు మూడు సార్లు, ఒక్కోసారి ముప్పావు గంట నుంచి గంట ఆగాలి. ఏ చార్జర్ పనిచేస్తోందో ఆప్‌లో చూసుకుని, దానికి ముందొకటి వెనకొకటి మనసులో పెట్టుకుని బయలుదేరాలి. హైవేల మీద రోడ్డుకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ కేంద్రం ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాలు చెప్పాయి. కాగితం మీద ఉన్నదానికీ, సంక్రాంతి ముందు రోజు టోల్‌గేట్ల దగ్గర కనిపించే వరుసలకూ తేడా ఉంటుంది. ఇటువంటి ప్రయాణాలు నెలకు రెండు మూడు చేసేవారికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ నిజంగా పనికొస్తుంది. ఏడాదికి రెండుసార్లు చేసేవారు దాని కోసం కారునే మార్చుకోవడం, అలాగే రోజూ ముప్పై కిలోమీటర్లు తిరుగుతూ అరుదైన ప్రయాణం కోసం డెబ్బై, ఎనభై యూనిట్ల బ్యాటరీ కొనడం, పెళ్లికి తెచ్చిన గంగాళంలో రోజూ ఇద్దరికి అన్నం వండుకోవడం లాంటిది. ఆ రెండుసార్లకూ రైలు ఉంది, అద్దె కారు ఉంది.

ఘాట్ రోడ్డు గురించిన అనుమానానికి భౌతికశాస్త్రమే సమాధానం చెబుతుంది. విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లేటప్పుడు దాదాపు 900 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనుషులతో కలిపి 1,600 కిలోల బరువున్న కారును అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి సుమారు నాలుగు యూనిట్లు. మోటారులో పోయే నష్టాలు కలిపి అయిదు అనుకోవచ్చు. అంటే ముప్పై కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడా చార్జి అదనంగా ఖర్చవుతుంది, అంతకన్నా కాదు. దిగేటప్పుడు మోటారు జనరేటర్‌గా మారి అందులో సగానికి పైగా తిరిగి బ్యాటరీలో వేస్తుంది, బ్రేకులు కూడా వేడెక్కవు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అయితే శృంగవరపుకోట చేరేసరికే చార్జి చాలావరకు అయిపోయి, ఎక్కాల్సిన చోట ఇంజిన్ ఒక్కటే ఆ బరువంతా మోయాల్సి రావచ్చు. దీనికి విరుగుడుగా చార్జిని దాచి ఉంచే మోడ్ చాలా మోడళ్లలో ఇస్తారు. మైదానంలో పెట్రోలు, ఘాట్‌లో కరెంటు వాడుకోవాలి. తెలిసి వాడితే అది చక్కగా పనిచేస్తుంది. సాలూరు దాటి కొరాపుట్ వైపు, సీతంపేట ఏజెన్సీ వైపు తరచుగా వెళ్లేవారికి మాత్రం ఎత్తు కన్నా చార్జర్లు లేకపోవడమే అసలు అడ్డంకి. అక్కడ పెట్రోలు ఉన్న కారుదే పైచేయి.

తుపాను వస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. ఈ తీరంలో కారు గురించి మాట్లాడేటప్పుడు ఈ తేదీలను పక్కన పెట్టలేం. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు వేలల్లో నేలకూలాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ‘పెట్రోలు ట్యాంకు ఉంటే ధైర్యం’ అనే మాటకు ఇంతకన్నా బలమైన ఆధారం ఉండదు, దాన్ని కొట్టిపారేయడం తప్పు.

అయితే ఆ రోజుల్లో బంకుల పరిస్థితి ఏమిటో కూడా గుర్తుంచుకోవాలి. బంకు పంపు నడవడానికీ కరెంటు కావాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో పెట్రోలు కోసం పొడవాటి వరుసలు కట్టారు. తుపాను హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వస్తుంది కాబట్టి ఎలక్ట్రిక్ కారును నిండుగా చార్జి చేసి ఉంచుకోవచ్చు. నలభై అయిదు యూనిట్ల బ్యాటరీ రోజుకు ముప్పై కిలోమీటర్ల చొప్పున వారం రోజులకు పైగా వస్తుంది. కారు నుంచి కరెంటు బయటికి ఇచ్చే సౌకర్యం ఉన్న మోడలైతే నాలుగు ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, ఫ్రిజ్ నడవడానికి రోజుకు మూడు నాలుగు యూనిట్లు చాలు, అలా వారం పైనే గడుస్తుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఇంకో అడుగు ముందుంటుంది: ట్యాంకులో పెట్రోలు ఉన్నంతకాలం ఇంజినే జనరేటర్‌లా పనిచేస్తుంది. మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో జపాన్‌వారు విపత్తుల సమయంలో పనికొచ్చేలా 1,500 వాట్ల ప్లగ్ ఇచ్చారు. సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో, వృద్ధులు, రోగులు ఉన్న ఇళ్లలో ఈ ఒక్క గుణానికే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను ఎంచుకుంటామంటే ఎవరూ కాదనలేరు.

వరద నీటి గురించి ఒక్క మాట. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు సాధారణంగా ఐపీ67 ప్రమాణం ఉంటుంది, అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా నీరు లోపలికి రాకూడదు. ఇది ప్రమాదం నుంచి రక్షణే తప్ప, నాగావళి, వంశధార పొంగిన రోడ్ల మీద కారు దింపడానికి అనుమతి కాదు.

రెండు యంత్రాలు, ఒకే కారు

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ, మోటారు, ఇన్వర్టర్‌తో పాటు ఇంజిన్, రేడియేటర్, సైలెన్సర్, ఇంధన ట్యాంకు కూడా ఉంటాయి. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, స్పార్కు ప్లగ్‌లు మార్చాల్సిందే. పెట్రోలు కారుకు మూల మీద మెకానిక్ దొరుకుతాడు, ఎలక్ట్రిక్ కారుకు చేయాల్సిన పనులే తక్కువ. రెండూ కలిసిన కారుకు రెండూ తెలిసిన మనిషి కావాలి, చిన్న పట్టణాల్లో అతను దొరకడం కష్టం.

ఊళ్లో అంతా కరెంటు మీదే తిరిగే జాగ్రత్తపరులకు ఇంకో చిక్కు ఉంది. నెలల తరబడి ట్యాంకులో అదే పెట్రోలు నిలవ ఉంటుంది. మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది, మన తీరప్రాంతపు గాలిలో తేమకు కొదవ లేదు. షెవర్లే వోల్ట్‌లో ఈ సంగతి ముందే ఊహించి, ఇంజిన్ చాలాకాలం వాడకపోతే కారే దాన్ని కాసేపు నడిపించేలా, ఏడాది నిలవున్న పెట్రోలును ఖర్చు చేసేలా ఏర్పాటు చేశారు. అలాంటి కారును కొన్నవారు ట్యాంకు నిండుగా కాక కొద్దిగా పోయించుకుని, నెలకోసారి ఇంజిన్ మీద పది పదిహేను కిలోమీటర్లు తిప్పడం మేలు.

బ్యాటరీ అరుగుదల కూడా చూడాలి. రోజుకు యాభై కిలోమీటర్లు తిరిగితే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ చిన్న బ్యాటరీ దాదాపు ప్రతి రోజూ పూర్తిగా నిండి ఖాళీ అవుతుంది. అదే దూరానికి నలభై అయిదు యూనిట్ల బ్యాటరీ అయిదారు రోజులకోసారి ఆ చక్రం పూర్తి చేస్తుంది. చాలా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. వేడిని బాగా తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ మన వేసవికి అనువైనది. కొనేటప్పుడు ఏ రకమో అడిగి తెలుసుకోవాలి.

కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్న ఈ జిల్లాల వారికి దూరపు సంగతి కాదు. 2010 జులైలో సోంపేట బీల (చిత్తడి) భూముల కోసం, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకిస్తూ ఇక్కడి రైతులు, మత్స్యకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశంలో నేటికీ ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పై లెక్కలోని ఎలక్ట్రిక్ కారుకు అది కిలోమీటరుకు 112 గ్రాముల దగ్గర తేలుతుంది, లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు సైలెన్సర్ నుంచే 150 గ్రాములు దాటుతుంది. తేడా ఉంది గానీ ప్రచారంలో చెప్పేంత పెద్దది కాదు. సౌర విద్యుత్తు పెరిగే కొద్దీ ఎలక్ట్రిక్ కారు అంకె ఏటా తగ్గుతుంది. పెట్రోలు అంకె మాత్రం కదలదు.

ఏది దొరుకుతుంది, ఎవరికి ఏది

చివరకు అన్నీ వచ్చి ఆగేది మార్కెట్ దగ్గర. చైనాలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మధ్యతరగతి కారు అయింది. మన దేశంలో అది ఇప్పటివరకు బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం, రేంజ్ రోవర్ వంటి కోట్ల రూపాయల శ్రేణిలోనే ప్రధానంగా కనిపించింది. పన్నులు కూడా దానికి అనుకూలంగా లేవు. ఎలక్ట్రిక్ కార్లకు 2019 ఆగస్టు నుంచి జీఎస్టీ అయిదు శాతమే. 2025 సెప్టెంబరు 22న మారిన శ్లాబుల ప్రకారం పెద్ద హైబ్రిడ్ కార్లకు 40 శాతం, నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజిన్ హైబ్రిడ్లకు 18 శాతం. కాబట్టి పది, ఇరవై లక్షల మధ్య కారు చూసే శ్రీకాకుళం, విజయనగరం కుటుంబం ముందున్న అసలు ఎంపిక ఎలక్ట్రిక్ కారా, స్ట్రాంగ్ హైబ్రిడా, పెట్రోలా అన్నదే.

సొంత ఇల్లు, కారు నిలిపే చోటు, సరైన ఎర్తింగ్ ఉండి, రోజుకు వంద కిలోమీటర్లలోపు తిరిగేవారు ఎలక్ట్రిక్ కారు తీసుకోవడానికి సందేహించనక్కర్లేదు. ఇంట్లో రెండో కారు పెట్రోలుదైతే ఇక ఆలోచనే వద్దు. ఒకే కారుతో ఏజెన్సీ, ఒడిశా వైపు తరచుగా తిరిగే కాంట్రాక్టర్లు, మందుల కంపెనీల ప్రతినిధులు, ప్లగ్ లేని ఇళ్లవారు ప్రస్తుతానికి స్ట్రాంగ్ హైబ్రిడ్‌ వైపు చూడవచ్చు. అందుబాటు ధరలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మన షోరూములకు వచ్చిన రోజున అమ్మకందారును మూడు సంగతులు అడగాలి: ఏసీ వేసుకుని హైవే వేగంలో చార్జి మీద ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది, బ్యాటరీ ఖాళీ అయ్యాక లీటరుకు ఎంత ఇస్తుంది, బ్యాటరీకి విడిగా ఎన్నేళ్ల వారంటీ ఉంది. రెండో ప్రశ్నకు సూటిగా అంకె చెప్పలేకపోతే, బ్యాటరీ ఖాళీ చేయించి నాతవలస టోల్‌గేటు దాకా ఒకసారి నడిపి చూశాకే అడ్వాన్సు కట్టాలి.